మొదట చెప్పే ఇల్లు

నాన్నకి,

నిన్న భోజనాల దగ్గర మీరన్న మాట నాకింకా మింగుడుపడలేదు. "ఇంత చదివావు, ప్రార్థనలో గుసగుసలాడకూడదని మేం చెప్పాలా?" అన్నారు. అమ్మ వెంటనే అందుకుంది, "దానికి నమ్మకం పోయిందండీ, మనకోసం చర్చికి వస్తోందంతే" అని. నేను నోరు విప్పితే రెండో మాటకే మీలోని పాస్టరుగారి ప్రసంగం మొదలవుతుంది. అందుకే రాస్తున్నాను.

నేను గుసగుసలాడలేదు. నానమ్మ మరిచిపోతున్న ఇళ్లని వెనక నుంచి అందిస్తున్నాను. నిన్న ఆరాధనలో ఒక్కో ఇంటినీ తలుచుకుంటూ నానమ్మ ప్రార్థన చెబుతున్నప్పుడు, గడియారాలు బాగుచేసే ఆయన ఇంటి దగ్గర ఆగిపోయింది, గుర్తుందా? ఏడుపొచ్చి ఆగిందనుకున్నారందరూ. ఆవిడ చెయ్యి మాత్రం వెనక్కొచ్చి నా చెయ్యి వెతుక్కుంది. "దర్జీ వాళ్లిల్లు" అన్నాను. మళ్లీ అందుకుంది. చాలా వారాలుగా ఇదే వరస. "మీ నాన్నకి చెప్పకే, నన్ను కూర్చోబెట్టేస్తాడు" అని మాట తీసుకుంది. ఇవాళ ఆ మాట తప్పుతున్నాను.

ఎందుకంటే కూర్చోబెట్టాలని మీరు ఎలాగూ అనుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి ఆ ప్రార్థన సంఘ కార్యదర్శి చెబుతారట, సంఘం వదిలి వెళ్లినవాళ్ల ఇళ్లు తీసేసి. "పోయినవాళ్లకి పెద్దపీట వేసి, ఉన్నవాళ్లని వెనక కూర్చోబెట్టడమేంటండీ" అని ఆయన చర్చి మెట్ల మీద నవ్వితే మీరూ నవ్వారు. ఆ పోయినవాళ్లలో మొదటి ఇల్లు బాబాయిది. ఆయన మీతో గొడవపడి వేరే సంఘానికి వెళ్లాక, ఆయన ఊసు మనకి వినపడేది నానమ్మ నోటి నుంచే, అదీ ఆ ప్రార్థనలోనే. అది కూడా ఆగిపోతే మీరిద్దరూ ఇక ఏమవుతారోనని నాకు దిగులుగా ఉంది.

వదిలి వెళ్లినవాళ్లని ముందు చెప్పే ఆ వరస నానమ్మ పెట్టింది కాదు. మన ఊళ్లో ఈ దేవుణ్ణి మొదట నమ్ముకున్నవాళ్లని సొంతవాళ్లే గడప తొక్కనివ్వలేదట. వాళ్లంతా ఎవరిదో వరండాలో చేరి, తమ మొహాన తలుపేసిన ఇళ్లకోసం ముందు ప్రార్థించి, తర్వాతే తమకోసం అడిగారట. నానమ్మకి వాళ్ల అత్తగారు నేర్పారు. మనకి గోడలూ బల్లలూ మైకులూ తర్వాత వచ్చాయి నాన్నా. ఇది వాటికంటే ముందే ఉంది.

అమ్మ అన్నదాంట్లో సగం నిజం. కొన్నిసార్లు కళ్లు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏమీ ఉండదు. ఇలాంటి నోటితో ఇన్ని ఇళ్లని దేవుడి ముందు పెట్టొచ్చా అని భయంగా ఉంటోంది. పొద్దున నానమ్మకి తల దువ్వుతూ అడిగేశాను.

"నాకు రోజూ నమ్మకం ఉందనుకున్నావా పిచ్చిదానా? మీ తాత పోయిన ఏడాది దేవుడితో నాకు మాటల్లేవు. ఇళ్లు చెప్పేసి వచ్చి కూర్చునేదాన్ని."

"మరి అది అబద్ధం కాదా?"

"ఆ ఇళ్లలో మనుషులు అబద్ధమా? దువ్వెన సరిగ్గా పట్టు, జుట్టంతా పీకేస్తున్నావు."

ఆదివారం నానమ్మ కూర్చుంటుంది. ఆవిడ చోట నేను నిలబడతాను. కార్యదర్శిగారు మైకు ఇవ్వకపోయినా నా గొంతు చివరి బల్లదాకా వినపడుతుంది. బాబాయి వాళ్లింటితో మొదలుపెడతాను.

మీ పెద్దమ్మాయి