కణితి అనే చెప్పమన్నారుగా

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ అందరూ కులాసా. నేనూ కులాసాగానే ఉన్నాను, ఆ సంగతే మీవాళ్ళకు మింగుడు పడటం లేదు.

మొదట కేన్సర్ అన్నవాళ్ళు ఇప్పుడు కాదంటే ఎలా నమ్మడమని మీరు అడిగారు. రక్తంలో సి.ఏ. 125 అని ఒకటి చూస్తారు. ముప్పై అయిదు లోపు ఉండాలట, నాకు ఆరు వందలు దాటింది. పొట్టలో నీరు చేరింది. ఆ రెండూ చూసి పెద్ద డాక్టరు అండాశయంలో కేన్సర్ కణితి అని తేల్చి, ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు. స్కానింగ్ చూసే డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "అండాశయాలు బాగానే ఉన్నాయమ్మా. పేగుల మీది పొర వాచింది, గ్రంథులు వాచాయి. ఆ పొర వాచినా ఈ అంకె పెరుగుతుంది. కోసే ముందు నీరు తీసి చూద్దాం" అన్నారు. నీటిలో కేన్సర్ కణాలు లేవు. కెమెరా గొట్టం పెట్టి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే పొట్టలో టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. నా ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, నా నుంచి ఎవరికీ అంటుకోదని కూడా చెప్పారు.

ఇప్పుడు నా కోపం వినండి. కేన్సర్ అన్నన్నాళ్ళూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు. అత్తయ్య నా కాళ్ళు ఒత్తింది. తోడికోడలు నాకు జడ వేస్తూ ముక్కు చీదింది. టీబీ అని తెలిసిన సాయంత్రమే నా కంచం, గ్లాసు పెరటి మెట్ల మీదకు చేరాయి. పాపను నా పక్కలోంచి లేపుకుపోయారు.

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పిందత్తయ్యా" అన్నాను.

"ఆవిడకేం, చెప్పి తనింటికి పోతుంది. చంటిది మనింట్లో ఉంది" అంది.

చచ్చిపోతాననుకున్నప్పుడు పొంగిన ప్రేమ, బతుకుతానని తెలిశాక ఏమైపోయింది?

దానికి తోడు మీ ఉత్తరం. బయట మాత్రం కణితి అనే చెప్పు, పరువు పోతుంది అని రాశారు. మీ పరువు కోసం నేను లేని చావు జబ్బు మోయాలా? చదివి ఒళ్ళు మండిపోయింది. టైలరింగ్ షాపులో మిషన్లన్నీ ఆపించి మరీ, నాకొచ్చింది టీబీ, కేన్సర్ కాదు అని చెప్పేశాను. ఓనరమ్మ "అయితే సోమవారం నుంచి వచ్చేయ్, కాజాలు పేరుకుపోయాయి" అంది.

ఇంకొకటి ఉంది. ఎలా రాయాలో తెలియక ఇంతసేపూ వాళ్ళనీ వీళ్ళనీ తిట్టాను. మందులిచ్చే నర్సు, ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా దగ్గుందా అని అడిగింది. మీరు సెలవుకు వచ్చినప్పుడు తెల్లవార్లూ దగ్గడం, సిగరెట్ దగ్గులే అని నన్ను కసరడం గుర్తొచ్చాయి. ఈమధ్య ఫోన్లో కూడా మాట పూర్తి చేయలేకపోతున్నారు. మీ పేరు చెప్పాను. మీ ఫ్యాక్టరీ అడ్రసు కూడా ఇచ్చాను. అక్కడి నర్సులు మీ గదికి వస్తారు. నలుగురిలో పరువు తీశావని మీరు మండిపడతారని తెలుసు. నా జబ్బు మీ నుంచే వచ్చిందో లేదో నాకు తెలియదు, తేల్చుకోవాలని కూడా లేదు. మీకేమైనా అయితే నేనెవరితో పోట్లాడాలి?

వాళ్ళు డబ్బా చేతికిస్తే ముందు కఫం ఇవ్వండి. ఆ తర్వాత నా మీద ఎంతైనా కోప్పడండి.

ఇట్లు,
మీ మీద పీకలదాకా కోపంతో ఉన్న
మీ భార్య