బొటనవేలి కొలత

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం, బండిని కూడా కలుపుకుంటే నలుగురం. మీరూ, మీ ఓడా, దాని కడుపులో మీరు కాపలా కాసే ఇంజనూ బాగున్నారని తలుస్తాను. మీరు తర్వాతి రేవుకు వెళ్లేసరికి ఈ ఉత్తరం అక్కడ ఉండాలని, రేపు నేనే స్వయంగా మీ ఓడ కంపెనీ ఆఫీసులో ఇచ్చి వస్తాను. ఫోనులో అయితే "వినబడుతోందా" అని అరుచుకోవడానికే సగం సమయం సరిపోతుంది. నాకేమో చెప్పాల్సింది బోలెడు ఉంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. పాపకు ఊడిన పన్ను స్థానంలో కొత్తది తొంగి చూస్తోంది, వంకరేమీ లేదు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. అత్తయ్య కాళ్ల వాపు బాగా తగ్గింది. కానీ నరాల ఉబ్బుకని డాక్టరు వేసుకోమన్న ఆ బిగుతు మేజోళ్లు మాత్రం ఇప్పుడు లేవు. కొత్తవి తేవాలి. పాతవి ఏమయ్యాయో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను కోడిపిల్లల లోడుతో నడిరోడ్డు మీద నిలబడిపోయానని బావగారు మీకు ఫోను చేసి చెప్పారనీ, మీ గుండె జారిపోయిందనీ రాశారు. "నీకెందుకీ అవస్థ, ఒకటో తారీఖున బండి తాళాలు అన్నయ్యకు ఇచ్చెయ్, ఇకమీదట వాడు నడుపుతాడు" అన్నారు. మీ దిగులు నాకు అర్థమైంది. సముద్రం మధ్యన కూర్చుని అలాంటి మాట వింటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ బావగారు అక్కడ లేరు కదండీ. ఉన్నది నేనూ, మీ అమ్మగారూ, రెండువేల కోడిపిల్లలూ. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తాను.

ఆ రోజు తెల్లవారగానే హేచరీలో ఇరవై పెట్టెలు ఎక్కించుకున్నాను. పెట్టెకు వంద పిల్లలు, పుట్టి ఒక్క రోజు. అత్తయ్యకు ఇంట్లో తోచడం లేదని ముందు సీట్లో ఎక్కారు. ఆవిడను దూరాలు తిప్పొద్దని మీరు రాసిన ముక్క చదివి వినిపించాను కూడా. "వాడు నా కడుపున పుట్టాడా, నేను వాడి కడుపున పుట్టానా?" అని తలుపు వేసేసుకున్నారు. ఇక నేనేం చెయ్యను?

బయల్దేరి గంటన్నర అయిందేమో, బానెట్ కింద కీచుమని ఒక మూలుగు, ఆ వెంటనే కొరడాతో బాదినట్టు టపటపా చప్పుడు. ఎర్ర లైటు వెలిగింది. వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. బండిని పక్కకు తీసి ఇంజను ఆపేశాను. బానెట్ ఎత్తితే బెల్టు ఉండాల్సిన చోట నల్లటి పీలికలు వేలాడుతున్నాయి. ఫ్యాను, నీళ్ల పంపు, డైనమో, మూడూ ఆ ఒక్క బెల్టు మీదే తిరిగేవని మీకు నేను చెప్పక్కర్లేదు.

నేనేం కంగారు పడలేదు. "స్పేర్ బెల్టు సీటు కింద ఉంది, నువ్వు నిశ్చింతగా ఉండు" అని మీరు వెళ్తూ వెళ్తూ చెప్పారు కదా. తీశాను. ఉంది. చుట్టిన కాగితం కూడా విప్పలేదు. కాకపోతే అది నిరుడు అమ్మేసిన పాత బండిది! జానెడు పొట్టి. ఎంత లాగినా కప్పీ మీదికి ఎక్కితేనా! ఆ నిమిషంలో మిమ్మల్ని ఏమేం అన్నానో ఇక్కడ రాయను. అత్తయ్య అంతా విని, "అను, బాగా అను. చిన్నప్పుడూ అంతే వాడు, చూడకుండానే ఉందనేవాడు" అన్నారు.

మన బండి బాగుచేసే పొట్టి మేస్త్రికి ఫోను చేస్తే, రావడానికి మూడు గంటలు పడుతుందన్నాడు. వెనక పిల్లలకు గాలి కొట్టే ఫ్యాను బ్యాటరీ మీద గంటకు మించి తిరగదు. ఎండ ముదురుతోంది. అత్తయ్య వెనక తలుపులు తీసి పెట్టెల్లోకి తొంగి చూశారు. "అరుస్తున్నవి బాగానే ఉన్నాయే. కొన్ని నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి, వాటి సంగతే బాగా లేదు" అన్నారు. అప్పుడు మాత్రం భయం వేసింది. మీ దగ్గర దాచడం ఎందుకు?

పెట్టెలు కట్టే తాడుతో ప్రయత్నించాను. రెండు చుట్లు తిరిగి జారిపోయింది. సాగేదీ, పట్టుకునేదీ ఏదైనా ఉందా అని చుట్టూ వెతుకుతుంటే అత్తయ్య కాళ్లు కనిపించాయి.

"అత్తయ్యా, మీ మేజోళ్లు ఇస్తారా?"

"ఇంజనుకు కూడా నరాలు ఉబ్బాయా ఏమిటే?"

"ఇవ్వండి, చెబుతాను."

"ఇవ్వడానికేం! వేసుకోవడానికే అరగంట పడుతుంది, విప్పేది నువ్వే."

ఆవిడ బండి మెట్టు మీద కూర్చుని సీటు పట్టుకున్నారు, నేను కింద నిలబడి లాగాను. దారినపోయే లారీవాళ్లు ఏమనుకున్నారో ఏమో! ఒకటి ఊడి చేతికొచ్చేసరికి నేను వెల్లకిలా పడ్డాను, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. డైనమోను వదిలేసి, ఫ్యానుకూ నీళ్ల పంపుకూ మాత్రం మేజోడును గట్టిగా లాగి ముడి వేశాను. ముడి ఎత్తుగా ఉంటే తగిలి తెగుతుందని దాన్ని చదునుగా నొక్కి, కొసలు కత్తిరించాను. ఇంజను చల్లబడ్డాక తాగే నీళ్లన్నీ రేడియేటరులో పోసి స్టార్టు చేశాను. ఫ్యాను తిరిగింది! నేను కేక పెట్టాను, అత్తయ్య నాకంటే గట్టిగా పెట్టారు.

రెండో గేరులో, వెనక తలుపులు సగం తెరిచి తాడుతో కట్టి, సైకిలువాడు కూడా దాటిపోయేంత నెమ్మదిగా వెళ్లాం. తొమ్మిది కిలోమీటర్లకు మొదటి మేజోడు మాడి తెగింది. మళ్లీ ఆగి రెండోది కట్టాను. అది పిల్లలను దించాల్సిన కోళ్ల ఫారం గేటుదాకా పనిచేసింది. రెండువేలలో ఏడు పిల్లలు పోయాయి. ఫారం ఆయన పెట్టెలన్నీ చూసుకుని, వచ్చే లోడుకు కూడా నన్నే పంపమని హేచరీకి చెప్పాడు.

ఇంతవరకూ చదివి మీరు మురిసిపోతూ ఉంటారు. ఇక్కడితో ఆపేస్తే నాకూ హాయిగానే ఉండేది. కానీ ఒక మాట మిగిలింది, అది మీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నాలుగు నెలల కిందట వేసిన బెల్టు అప్పుడే ఎలా తెగిందని మీరు అడిగారు. నేనూ అదే అనుకున్నాను. నాసిరకం సరుకు అంటగట్టావని ఆ షాపాయన్ని నలుగురిలో కడిగేశాను. బయటికి అంత గట్టిగా అరిచానే గానీ లోపల నిలకడ లేదండీ. కొత్త బెల్టు వేయించాక కూడా ఎక్కడ ఏ చప్పుడైనా బండి ఆపి బానెట్ ఎత్తి చూసేదాన్ని. నా చేతిలో ఏదో దోషం ఉందనిపించేది. మీ ఉత్తరం వచ్చిన రోజున తాళాలు తీసి గుమ్మం పక్క మేకుకు తగిలించాను, బావగారు రాగానే ఇచ్చేద్దామని.

నెలాఖరున మీరు నేర్పినట్టే బెల్టు బిగువు చూశాను. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి కదా? పావు అంగుళమే దిగింది. మొదటి బెల్టు కూడా ఇలాగే ఉంటే నేనే నట్లు వదులు చేసి సరిచేశాను. మేస్త్రి మళ్లీ అదే తప్పు చేశాడని బండి తోలుకుపోయి అతని మీద విరుచుకుపడ్డాను.

మేస్త్రి వచ్చి తన బొటనవేలితో నొక్కాడు. సరిగ్గా అర అంగుళం దిగింది. "ఇప్పుడు మీరు నొక్కండమ్మా" అన్నాడు. నొక్కాను. పావు.

"పోయినసారి మీరే వదులు చేశారా?"

"అవును. మా ఆయన చెప్పిన కొలతే."

"అది ఆయన వేలి కొలత తల్లీ! స్పానర్లు పట్టి పట్టి గట్టిపడిన వేలు, మీకంటే రెట్టింపు బలంగా నొక్కుతుంది. మీరు నాలుగు నెలలు వదులు బెల్టుతో తిప్పారు. జారి జారి కాలిపోయింది పాపం."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడి నుంచి నేరుగా షాపుకు వెళ్లి, తప్పు నాదేనని అందరి ముందే చెప్పాను. ఆ ఏడు పిల్లలు పోయిందీ నావల్లే. అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంది.

మర్నాడు ఒకటో తారీఖు. బావగారు వచ్చారు. మర్యాదగా కూర్చుని టీ తాగి, మేకు వైపు చూశారు. తాళాలు అక్కడ లేవు. ఉదయమే తీసి జేబులో వేసుకున్నాను.

"ఇవ్వనండీ" అన్నాను.

"ఏమిటమ్మా ఈ పట్టుదల? అసలా బెల్టు ఎందుకు తెగిందో తెలుసా నీకు?"

"తెలుసు బావగారూ. నావల్లే తెగింది. అందుకే ఇవ్వను."

ఆయనకు అర్థం కాలేదు. మీకు అవుతుందనే ఇంత రాశాను. ఆయన ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే మారుమాట లేకుండా ఇచ్చేసి ఉండేదాన్ని. మీ అర అంగుళం నాకు పావు అంగుళమని తెలిశాక వచ్చారు, నేనేం చెయ్యను? అత్తయ్య మాత్రం ఆయనకు ఇంకో టీ పోసి ఇచ్చి పంపించారు.

మీ మాట కాదన్నానని కోపం వస్తే ఉత్తరంలోనే కోప్పడండి, రెండు సార్లు చదువుకుంటాను. తాళాలు మాత్రం నా దగ్గరే ఉంటాయి. రేపు పొద్దున్నే లోడు ఉంది, మూడువేల పిల్లలు.

ఇట్లు,
మీ ఆవిడ,
బండి నడిపేది