మస్కట్‌లో మన పలకరాయి

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ మస్కట్‌లో మేం బండలు పరుస్తున్న ఇంటికి ఇవాళ నల్లరాయి వచ్చింది. పెట్టె మీద ఊరిపేరు చదవకముందే అది మన మార్కాపురం పలకరాయని తెలిసిపోయింది. నీళ్లు చల్లితే క్వారీలో తొలివాన వాసన వచ్చింది.

మిషన్‌తో కోస్తుంటే అంచులు పెళ్లలుగా లేచిపోతున్నాయి. రాయంతా వాపసు పంపిస్తానని మేస్త్రీ కేకలేశాడు. నేను ఉలి తీసుకున్నాను. మధ్యాహ్నం బడి వదలగానే నీకు అన్నం తెచ్చి, పలకలు కోసే షెడ్డులో నీ పక్కన కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. దుమ్ముకు నీ తలంతా తెల్లగా ఉండేది. రాయిని తట్టి, చెవి ఒగ్గి వినేవాడివి.

“బలం చూపిచ్చొద్దురా. యాడ కొట్టాల్నో రాయే చెప్తాది, ఇను,” అనేవాడివి.

విన్నాను నాయనా. అంచు తిన్నగా తెగింది. సాయంత్రానికి వరండా అంతా పరిచేశాం.

ఇంటి యజమాని పెద్దాయన. వచ్చీరాని హిందీలో, “ఈ పని ఎవరు నేర్పారు?” అని అడిగాడు.

“మా నాయన.”

“బాగున్నాడా?”

లేడని చెప్పేంత హిందీ నాకు వచ్చు. అయినా బాగున్నాడనే చెప్పాను.

ఆయన నీకు సలాం చెప్పమన్నాడు.