చీము అని రాయలేక

అమ్మకు,

నీ చిన్నమ్మాయి దణ్ణాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, అక్కా, బావగారూ, పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను. ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కంగారు పడకు. నాకేం కాలేదు, మీ అల్లుడికీ మనవడికీ ఏం కాలేదు. మా బళ్ళో చదివే ఒక పాపకి చెవుల పరీక్ష చేస్తున్నారు. నా ఎదురుగా తలుపు వేసి ఉంది. లోపల పాప, వాళ్ళమ్మ, డాక్టరు ఉన్నారు. ఆ పిల్లకి వినికిడి ఉంటుందా, పోతుందా అన్నది ఇంకాసేపట్లో తేలుతుంది. నన్ను బయట ఉండమన్నారు. ఊరికే కూర్చోలేక సంచిలోంచి కాగితాలు తీశాను. ఫోను చేద్దామంటే నా గొంతు వినగానే నువ్వు ఏడుపు మొదలుపెడతావు, నీ వెనకాలే నేనూ.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను, లేకపోతే మళ్ళీ మర్చిపోయానంటావు. మీ అల్లుడి దగ్గు తగ్గింది. తగ్గకముందే మందు మానేశారు, ఆ సంగతి నాకు సీసా చూశాక తెలిసింది. మనవడు లెక్కల్లో గట్టెక్కాడు, సైన్సులో ఇంకా ఈదుతున్నాడు. నా ఉద్యోగం ఖాయం చేశారా అని అడిగావు. అది కింద రాస్తాను. ఇంకోటి కూడా అడిగావు, బళ్ళో అందరూ నన్ను పంచదార మేడమ్ అంటారటగా, ఎందుకే అని. మనవడే చెప్పి ఉంటాడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ప్రశ్నకి జవాబు రాస్తే ఈ ఆసుపత్రి సంగతి కూడా దాన్లోనే వస్తుంది.

నేను ఈ బళ్ళో చేరిన కొత్తలో మా లెక్కల మాస్టారు ఒక పిల్లాడి ఇంటికి చీటీ పంపారు. మీవాడికి బుద్ధి లేదు, మీకు తీరిక లేదు అని. ఆ తండ్రి పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి చేసిన రభస వీధి వీధంతా చూసింది. ఆ రోజే ప్రిన్సిపాల్ గారు ఒక పద్ధతి పెట్టారు. బడి నుంచి ఏ ఇంటికి ఏ కబురు వెళ్ళాలన్నా ముందు నా బల్ల మీదికి రావాలి. టీచర్లు తమకు తోచినట్టు రాసిస్తారు. నేను దాన్ని సాపు చేసి, ఎవరికీ నొప్పి కలగకుండా రాసి పంపాలి. అల్లరివాడు అని వస్తే చురుకైనవాడు అని వెళ్తుంది. అస్సలు చదవదు అని వస్తే ఆటపాటల్లో ముందుంటుంది అని వెళ్తుంది. గేటు దగ్గర గొడవలు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు ప్రతి సమావేశంలోనూ నన్ను మెచ్చుకునేవారు. మీ అల్లుడు మాత్రం వెటకారమే. నేను కూర ఇవాళ కొత్త రుచి వచ్చిందన్నానంటే మాడిందని అర్థమట.

నాకు గర్వంగానే ఉండేదమ్మా. నోరు మంచిదైతే ఊరు మంచిదని నువ్వు చిన్నప్పటి నుంచీ నూరిపోశావు కదా. నీ మాట పట్టుకుని బాగుపడ్డాననుకున్నాను.

వానలు మొదలైనప్పుడు లెక్కల మాస్టారు ఈ పాప గురించి ఒక చీటీ నా బల్ల మీద పెట్టారు. ఆయన రాత ఎలా ఉంటుందో పైన చూశావుగా, కొట్టినట్టుంటుంది. పిలిస్తే పలకడం లేదు, ఎడమ చెవి నుంచి చీము వాసన వస్తోంది, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి. ఇంతే. ఆ రోజు నా ముందు అలాంటివి కట్టలు కట్టలుగా ఉన్నాయి. చీము అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కన్నతల్లికి చీము అని ఎలా రాస్తాం? ఆలస్యం చెయ్యకుండా అంటే మీరు అశ్రద్ధ చేస్తున్నారు అన్నట్టుంటుంది కదా అనిపించింది. అందుకని ఇలా రాశాను: మీ అమ్మాయి తన లోకంలో తాను ప్రశాంతంగా ఉండే బిడ్డ. పిలుపుకు కాస్త నెమ్మదిగా స్పందిస్తుంది. ఆరోగ్యం పట్ల మరికొంత శ్రద్ధ చూపితే ఇంకా రాణిస్తుంది.

రాసి, ఎంత బాగా కుదిరిందో అనుకుని, తరవాతి చీటీ తీసుకున్నాను.

లోపలి నుంచి బీప్ బీప్ మని సన్నగా వినిపిస్తోంది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా పాప చెయ్యెత్తాలట. చప్పుడు నాకు బయటికే వినిపిస్తోంది, లోపల ఆ పిల్ల చెయ్యి లేస్తోందో లేదో మాత్రం కనపడటం లేదు. సిరా అలుక్కుపోయింది, ఏమనుకోకు.

పోయిన నెల బడికి ఒకాయన్ని పిలిపించారు, తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో టీచర్లకి నేర్పడానికి. మంచి మాటకి ఉదాహరణ అని నా చీటీనే తెర మీద వేసి చదివించారు. ఇదే చీటీ. అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయాక లెక్కల మాస్టారు నా గదికి వచ్చి నిలబడ్డారు. ఆయన మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది. "అది నేను చెవి గురించి రాసింది కదా మేడమ్. ఇంత చెప్పినా డాక్టరుకి చూపించలేదు, ఏం తల్లిదండ్రులురా అని వాళ్ళని తిట్టుకుంటున్నాను ఇన్నాళ్ళూ" అన్నారు. ఆయన చెప్పేశాననుకున్నారు. ఆ తల్లిదండ్రులేమో బడివాళ్ళు మెచ్చుకున్నారనుకున్నారు. మధ్యలో నేను.

వెంటనే ఆ ఇంటికి పరిగెత్తి ఉంటాననుకుంటున్నావు. లేదమ్మా. రాద్దామని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టినా మళ్ళీ అదే తీపి వస్తోంది, చించేస్తున్నాను. ఇంతలో ఒక రోజు పాప వాళ్ళమ్మే బడికి వచ్చింది. బట్టలు కుడుతుంది, భర్త లారీ నడుపుతూ నెలలో ఎక్కువ రోజులు బయటే. మా పాప గురించి ఇంత మంచిగా ఎవరూ రాయలేదండీ, వంటింటి గోడకి అంటించుకున్నాను అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంట్లో ఒక్క క్షణం నోరు మూతపడదు, బళ్ళో ఇంత ప్రశాంతంగా ఎలా ఉంటుందో అని నవ్వింది. శ్రద్ధ చూపమన్నారని రోజూ ఒక గ్లాసు పాలు ఎక్కువ ఇస్తోందట.

నాకు అప్పటికే అంతా తెలుసు. ఇంట్లో వాగే పిల్ల బళ్ళో ఎందుకు పలకదో, దూరం నుంచి పిలిస్తే వినపడకేనని కూడా అక్కడే అర్థమైంది. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చు. నేనేమన్నానో తెలుసా? మీ అమ్మాయి బంగారమండీ అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

ఇది మీ అల్లుడికి కూడా చెప్పలేదు. నీకే చెప్తున్నాను. మొదటిది పొరపాటు అనుకో, చెయ్యి జారింది అనుకో. ఈ రెండోదానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు. ఆవిడ మొహంలో ఆ సంతోషం నా చేతులతో తుడిచెయ్యడానికి భయమేసింది, అంతే. నన్ను తిడుతుందని కూడా భయమే. నిజం చెప్పాలంటే ఆ రెండింటిలో ఏది ఎక్కువో నాకే తెలియదు. నీ మీద కూడా కోపం వచ్చిందమ్మా ఆ రాత్రంతా. నోరు మంచిదవ్వాలన్నావు గానీ ఎప్పుడు చేదుగా ఉండాలో చెప్పలేదేం అని. నువ్వేం చేస్తావులే, కోపం ఎవరో ఒకరి మీద రావాలి కదా.

నిన్న తరగతిలో ఆ పిల్ల తల తిరిగి కూలబడిపోయింది. చెవిలోంచి రసి కారి గౌను మెడంతా తడిసింది. సూది వేస్తారన్న భయంతో ఇంట్లో చెప్పకుండా ఇన్నాళ్ళూ తనే తుడుచుకుంటోందట. ప్రిన్సిపాల్ గారు పిల్లని ఇంటికి పంపించి, నన్ను పిలిచి తలుపు వేశారు. చీటీ సంగతి ఇప్పుడే ఎత్తకండి, బడి కమిటీతో మాట్లాడాక సమయం చూసుకుని సున్నితంగా చెబుదాం, మీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా వాళ్ళ దగ్గరే ఉంది అన్నారు. అదీ నువ్వడిగినదానికి జవాబు. ఆ సున్నితం అన్న మాట విన్నాక ఇంక కమిటీ కోసం ఆగదలచుకోలేదు. బడి వదలగానే ఆ ఇంటికి వెళ్ళాను.

కుట్టు మిషను ముందు నిలబడే చెప్పాను, కూర్చోలేదు. మాస్టారు ఏం రాశారో ఆ మాటల్లోనే చెప్పాను, చీము అన్న మాటతో సహా. పాప మంచం మీద నిద్రపోతోంది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అక్కణ్ణించే కనిపిస్తున్న వంటింటి గోడ మీది చీటీ వైపు చూసి, చిన్నగా అడిగింది.

"మరి ప్రశాంతంగా ఉంటుందన్నారు కదా. అది కూడా అబద్ధమేనా?"

"నేను మీ పాపని చూడలేదండీ. ఎప్పుడూ చూడలేదు" అన్నాను.

అదమ్మా నేను ఈ ఉత్తరం మొదటి నుంచీ నీకు రాయకుండా తప్పించుకుంటున్నది. నిన్న సాయంత్రం ఆ మంచం మీద చూసేదాకా ఆ పిల్ల నల్లనో తెల్లనో నాకు తెలియదు. ఆ బళ్ళో ఎంతమంది పిల్లల గురించి బంగారం, వజ్రం అని రాశానో, వాళ్ళలో చాలామంది నా పక్క నుంచి వెళ్ళినా గుర్తుపట్టను.

ఆవిడ నన్ను వెళ్ళమనలేదు, కూర్చోమనలేదు. "వాళ్ళ నాన్న ఊళ్ళో లేరు. పొద్దున ఆసుపత్రికి మీరూ రండి" అంది. క్షమించినట్టు కాదు. రావాల్సినదాన్ని రమ్మన్నట్టు అంది.

పొద్దున లోపలికి పిలిచేదాకా ఈ వరండాలో పాప నా పక్కనే కూర్చుంది. ప్రశాంతమా, పాడా! ఒట్టి వాగుడుకాయ. నా సంచిలో ఏముంది, నా కళ్ళజోడు ఎంత లావు, డాక్టరు సూది వేస్తాడా వెయ్యడా, నోటికి తాళమే లేదు. నేను జవాబు చెప్తుంటే మాత్రం తల తిప్పి, నా పెదాల వైపే చూస్తూ కూర్చుంది. చూసిన మొదటి పూటే ఎవరికైనా తెలిసిపోతుందమ్మా.

తలుపు తెరిచారు. పిలుస్తున్నారు. మిగతాది వచ్చాక.

ఇంటికి వచ్చి రాస్తున్నాను. డాక్టరు గీతలున్న కాగితం చూపిస్తూ, యంత్రాల పేర్లూ ఎముకల పేర్లూ కలిపి గడగడా చెప్పేశాడు, ఆయన తొందర ఆయనది. ఆవిడకి సగం అందలేదు. నా వైపు తిరిగి, "ఏమన్నారు? మీరు చెప్పండి" అంది.

నోటి దాకా ఎన్ని మెత్తని మాటలు వచ్చాయో. అన్నీ మింగాను. ఎడమ చెవి పోయిందండీ, ఇక వినబడదు అన్నాను. చీము తలలోకి ఎక్కకుండా ఆపరేషను త్వరగా చెయ్యాలి. కుడి చెవి పొరకి చిన్న చిల్లు పడింది, మందులు మానకుండా వాడితే అది నిలుస్తుంది.

"వానలు మొదలైనప్పుడే వచ్చుంటే?" అంది.

"నిలిచి ఉండేదట" అన్నాను. డాక్టరు ఆ మాట అన్నాడు, నేను విన్నాను. లేదనలేకపోయాను.

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నేను ఓదార్చలేదు, నాకా హక్కు లేదు. కాసేపటికి మొహం తుడుచుకుని, నా చేతిలో కాగితాలు చూసి, ఇప్పుడు చెప్పిందంతా చెప్పినట్టు రాసివ్వండి, వాళ్ళ నాన్నకి ఫోనులో చదివి వినిపించాలి, నాకు మాట పెగలదు అంది. రాసిచ్చాను. ఎడమ చెవి, ఆపరేషను, కుడి చెవి, మందులు. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా.

చదివింది. చదివి కాగితం నాకే తిరిగిచ్చింది.

"ఎవరి వల్ల ఆలస్యమైందో రాయలేదు మీరు" అంది.

బెంచీ మీద పెట్టి కింద రాశాను: ఈ సంగతి మాస్టారు ముందే చెప్పారు. మీ దాకా రానివ్వనిది నేను. రాసి, కింద నా పేరు పెట్టాను. ఇన్నేళ్ళలో బడి పేరే గానీ నా పేరు ఏ చీటీ కిందా పెట్టలేదమ్మా.

ఆవిడ ఆ ఆఖరి ముక్క వేలు పెట్టి చదువుకుని, కాగితం సంచిలో పెట్టుకుంది. పాప అప్పటికే కాస్త దూరంగా వెళ్ళి కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాళ్ళమ్మ మామూలుగా పిలిచింది. పిల్ల కదల్లేదు. ఆవిడ నడిచి వెళ్ళి, చుట్టూ తిరిగి, కుడి పక్కకి వచ్చి నిలబడి మళ్ళీ పిలిచింది.

"ఆఁ, అమ్మా" అంది పిల్ల.

ఇట్లు,
ఇంకా దడ తగ్గని
నీ చిన్న కూతురు