పడవ వంగితేనే వస్తారా?

లోగో అధికారిణి కుముదినీ పాణిగ్రాహి గారికి,
వృక్షశాస్త్ర శాఖాధిపతి దుర్యోధన్ బిశ్వాల్ నమస్కారాలు.

మన చిత్రోత్పల విశ్వవిద్యాలయం లోగోలో పడవ వంగకూడదనీ, రంగు మారకూడదనీ, చుట్టూ ఖాళీ వదలాలనీ మీరు పెట్టిన నియమాలను మా శాఖలో పొల్లు పోకుండా పాటిస్తున్నాం. ఎదురుగా జంతుశాస్త్రం వాళ్ళ బోర్డు మీద పడవ మాత్రం ఎప్పుడు చూసినా మునగబోతున్నట్టే ఉంటుంది. మీరేమో వారం వారం టేపు పట్టుకుని అక్కడికే వెళ్తారు. ఆ శాఖాధిపతి ఆర్తత్రాణ బెహెరా గారు వరండాలో కుర్చీ వేయిస్తారు, టీ తెప్పిస్తారు. మా గుమ్మం మీరెప్పుడూ తొక్కరు. ఇదేం న్యాయం?

ఇట్లు,
దుర్యోధన్ బిశ్వాల్

తా.క. వాళ్ళ టీలో పంచదార ఎక్కువని సంబల్‌పూర్ అంతా చెప్పుకుంటారు.

*

బిశ్వాల్ గారికి, నమస్కారం.

మీ పడవ తిన్నగా ఉంది. తిన్నగా ఉన్నచోట నాకేం పని? బెహెరా గారి బోర్డు ఎన్నిసార్లు సరిచేసినా వంగిపోతోంది. గోడ మీది లోగో కొలవాలంటే వెళ్ళక తప్పదు.

కుముదినీ పాణిగ్రాహి

తా.క. పంచదార నాకు సరిపోయింది.

*

పాణిగ్రాహి గారికి,

ఈ కాగితం పైభాగం చూడండి. పడవ వంగింది. నేనే వంచాను. అంటే, అదే వంగింది. కొలవడానికి ఎప్పుడొస్తున్నారు?

మీ రాక కోసం,
బిశ్వాల్

తా.క. మీకోసం ఛెనాపోడ మిఠాయి తెప్పించాను. ఇంకా వేడిగా ఉంది.

*

బిశ్వాల్ గారికి,

కాగితం మీది తప్పుకు కాగితంతోనే జవాబు. సరైన లోగో జతచేశాను, అంటించుకోండి.

కుముదినీ పాణిగ్రాహి

తా.క. ఛెనాపోడ చల్లారితేనే బాగుంటుంది.

*

కుముదిని గారికి,

నిన్న మా గోడ మీది పడవకు ఆకుపచ్చ రంగు వేయించాను. ముక్కు కిందికి వంచేశాను. తెరచాప మీద మందారం పూయించాను. ఇంకేం చెయ్యమంటారు? ఉన్నమాట చెప్తున్నాను, మీరు ఆ వరండాలో నవ్వినప్పుడల్లా నాకు కడుపు మండిపోతోంది. మా అమ్మ ఏ ముహూర్తాన నాకీ పేరు పెట్టిందో! బెహెరా గారంటే మీకు ఇష్టమైతే చెప్పేయండి. గోడకు సున్నం వేయించి నోరు మూసుకుంటాను.

మండిపోతూ,
దుర్యోధన్

తా.క. రేపు కూడా రాకపోతే పడవను తలకిందులు చేయిస్తాను.

*

దుర్యోధన్ గారికి,

మీ గోడ చూసి ఏడుపొచ్చింది. నా పనిని వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఉత్తరం చదివాక ఆఫీసులో అందరి ముందూ నవ్వేశాను.

లోగో కొలవడానికి ఎంతసేపు పడుతుందండీ? మిగతా పొద్దంతా అక్కడ ఎందుకు కూర్చుంటున్నాననుకున్నారు? ఆ వరండాలోంచి మీ గది కిటికీ నేరుగా కనిపిస్తుంది. స్కేలు పెట్టి మరీ పడవ తిన్నగా ఉందో లేదో చూసుకునే మనిషి ఈ విశ్వవిద్యాలయంలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి గోడ మీద ఒక్క తప్పయినా చేస్తే కదా, నేను ఆ గుమ్మం ఎక్కడానికి!

గోడ వెంటనే బాగుచేయించండి. కార్తీక పున్నమి తెల్లవారుజామున అందరిలాగే నదిలో వదలడానికి అరటిదొప్ప పడవ పట్టుకుని మహానది ఒడ్డుకు రండి. నేనూ మా అమ్మా ఉంటాం. ఆ పడవ మీద మాత్రం లోగో వద్దు.

కుముదిని

తా.క. బెహెరా గారి మీద కోపం పెట్టుకోకండి. పాపం, ఆయన బోర్డు ఎప్పుడో సరైపోయింది. వారం వారం కాస్త వంచి పెట్టమని బతిమాలింది నేనే.