నా నిమిషం సరిగ్గానే ఉంది

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, లేనిది రాయడం నాకు చేతకాదు. మన తమ్ముడు చిన్నవాడి సంగతి అనుమానంగా ఉంది.

నీకు తెలుసు కదా, గడియారం బాగుచేశాక దాన్ని ఇంకో గడియారంతో పోల్చను. కళ్ళు మూసుకుని అరవై లెక్కపెడతాను. ముప్ఫై ఏళ్ళలో నా నిమిషం ఒక్క సెకను తేడా రాలేదు. ఏ గడియారం ఎంత ముందుకు పోయిందో, ఎంత వెనకపడిందో రోజూ నోట్‌బుక్కులో రాస్తాను. పదిహేను రోజులుగా కొట్లో ఉన్న తొమ్మిది గోడ గడియారాలూ నెమ్మదించాయి. నాకు అరవై అయ్యేసరికి వాటి ముల్లు యాభై దగ్గరే ఉంటోంది. అన్నిటికీ వీలైనంత వేగం పెంచాను. భోజనానికి వెళ్ళొచ్చేసరికి మళ్ళీ ఎప్పటిలా అయిపోతున్నాయి. కొట్లో ఉండేది నేనూ వాడూ.

వాడి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. కొట్లో ఏదో ఎండిన ఆకు వాసన. గంజాయేమోనని భయంగా ఉంది. నలభై ఏళ్ళవాణ్ణి ఏమని అడగను? మానసిక వార్డులో నర్సుగా చేసినదానివి, నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ పెద్ద తమ్ముడు

తా.క. మోకాళ్ళకని నువ్వు పంపిన చూర్ణం పొద్దునా సాయంత్రం పాలలో వేసుకుంటున్నాను. నొప్పి మాట ఎలా ఉన్నా, ఆకలి బాగా వేస్తోంది. నిన్న రెండుసార్లు భోంచేశాను. మొదటిసారి తిన్న సంగతి సింకులో పళ్ళెం చూశాక తెలిసింది.


పెద్ద తమ్ముడికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి లేచాను, గది నాలుగు చుట్లు తిరిగాను, మళ్ళీ కూర్చుని రాస్తున్నాను.

గంజాయిని తేలిగ్గా తీసుకోకు. తీసుకున్నవాళ్ళందరికీ మతి చెడదు. కానీ అది ముందు జ్ఞాపకాన్ని పట్టుకుంటుంది. పాతవన్నీ ఉంటాయి, ఇప్పుడే విన్నది నిలవదు. ధ్యాస చెదురుతుంది. కాలం సాగుతుంది, ఐదు నిమిషాలు పావుగంటలా ఉంటాయి. కొందరికి అనుమానం మొదలవుతుంది, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారని. ఇంకా ముదిరితే లేని గొంతులు వినిపిస్తాయి. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళకీ, రోజూ వాడేవాళ్ళకీ, ఇంట్లో ఆ జబ్బు ఉన్నవాళ్ళకీ ప్రమాదం ఎక్కువ. మన బాబాయి చివరి పదేళ్ళు గోడతో ఎలా మాట్లాడాడో నువ్వూ నేనూ చూశాం. చిన్నవాణ్ణి అలా చూడలేను.

నువ్వు ఎలాగూ రోజూ రాసేవాడివే. వాడి లక్షణాలు కూడా రాసి పంపు. వాణ్ణి మాత్రం ఒక్క మాట అనకు.

దిగులుతో,
నీ అక్క

తా.క. చెప్పడం మరిచాను, నా గది కిటికీ గొళ్ళెం విరిగింది.


అక్కకి,

నమస్కారాలు. నువ్వు రాసినవన్నీ వాడిలో ఉన్నాయి. నోట్‌బుక్కులోంచి ఎత్తి రాస్తున్నాను.

సోమవారం. నా సన్న స్క్రూడ్రైవరు కనబడలేదు. గంటన్నర వెతికాను. గడియారం మాత్రం ఇరవై నిమిషాలే అంది. చివరికి నా చొక్కా జేబులో దొరికింది. చిన్నవాడు దాచి ఉంటాడు.

మంగళవారం. వాడికి కాలం తెలియడం లేదు. "గడియారాలు నెమ్మదించాయిరా" అంటే "సరిగ్గానే ఉన్నాయన్నయ్యా" అన్నాడు. ఒక్కొక్కటే చూపించాను. తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. పాపం, బాగా ముదిరింది.

బుధవారం. వాడు పని మానేసి నన్నే చూస్తున్నాడు. "ఏంట్రా చూస్తున్నావు?" అన్నాను. "పొద్దుట్నుంచీ నువ్వు నన్ను చూస్తున్నావు కదా, ఎందుకా అని" అన్నాడు. అంటే అనుమానం కూడా మొదలైంది.

గురువారం. బడి హెడ్మాస్టరు వచ్చాడు. మనం బాగుచేసిన గడియారం రోజుకో పావుగంట ముందుకు పోతోందట. దాన్ని చూసి గంట కొడుతుంటే బడి ముందే వదిలేస్తున్నారట. పిల్లలు తప్ప అందరూ గొడవ చేస్తున్నారన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక గడియారం తిరిగి రావడం ఇదే మొదలు. చిన్నవాడు నా పేరు చెడగొట్టడానికే చేశాడు.

ఇట్లు,
నిద్రపట్టని నీ తమ్ముడు

తా.క. మనసు కుదురుగా లేక చూర్ణం చెంచాన్నరకి పెంచాను.


పెద్ద తమ్ముడికి,

దీవెనలు. నాకూ కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటి రెండూ ఎక్కడ పెట్టానో కనబడలేదు.

ఒక్క పరీక్ష చెయ్యి. రేడియోలో వార్తలకి ముందు పిప్ పిప్ అని టైము చెబుతారు కదా. దాంతో గడియారాలు సరిచూడు. రేడియో చిన్నవాడి చేతికి అందదు. ఇంతకీ వాడికిప్పుడు ఎన్నేళ్ళు?

ఇంకో ముఖ్యమైన సంగతి. గంజాయి ముందు జ్ఞాపకాన్ని పట్టుకుంటుంది. ఇది నీకెప్పుడైనా చెప్పానా?

నీ అక్క

తా.క. నా గది కిటికీ గొళ్ళెం విరిగింది. నీకు రాసినట్టు లేను.


అక్కకి,

నమస్కారాలు. పరీక్ష చేశాను. రేడియో కూడా నెమ్మదించింది. వార్తలు చదివే ఆవిడ మాటకీ మాటకీ మధ్య పడుకుని లేస్తోంది. స్టేషనుకి ఉత్తరం రాశాను.

నిన్న భోజనానికి వెళ్ళినట్టే వెళ్ళి, సగం దారిలో వెనక్కి వచ్చాను. చిన్నవాడు గోడ గడియారం మూత తీసి, లోలకాన్ని కిందికి దించి వేగం తగ్గిస్తున్నాడు. కళ్ళారా చూశాను. వాడి సంచీ తెచ్చి గుమ్మం బయట పెట్టాను.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పు. తొమ్మిది గడియారాలు, రేడియో, అన్నీ ఒకేలా తప్పు చెబుతాయా?" అన్నాడు.

"నువ్వుంటే చెబుతాయి" అన్నాను.

వాడు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నీకు కాక ఎవరికి చెప్పను. వాడు వెళ్ళినప్పటినుంచీ గడియారాలు టిక్ టిక్ అనడం లేదు. "తప్పు, తప్పు" అంటున్నాయి. తొమ్మిదీ కలిసి. కూర్చోలేకపోతున్నాను, లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు. బాబాయి గుర్తొస్తున్నాడు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. పోతూ పోతూ చూర్ణం డబ్బా కూడా ఎత్తుకుపోయాడు. దొంగతనం కూడా ఉందని రాసుకున్నాను. ఇంకో డబ్బా పంపు. గొళ్ళెం సంగతి రెండుసార్లు రాశావు.


పెద్ద తమ్ముడికి,

దీవెనలు. ముందు కూర్చో. ఇది చిన్నవాడు పక్కన నిలబడి రాయిస్తున్న ఉత్తరం.

వాడు నీ దగ్గర్నుంచి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. దారిలో, నేను పనిచేసిన ఆస్పత్రి ల్యాబులో ఆ చూర్ణం ఇచ్చి వచ్చాడు. రిపోర్టు వచ్చింది. శొంఠి కొంచెం, బెల్లం పొడి కొంచెం, తక్కినదంతా గంజాయి ఆకు. కొట్లో వాసన నీ పాలగ్లాసుది. నెమ్మదించింది గడియారాలు కావు, నువ్వు తొందరపడ్డావు. నువ్వు వేగం పెంచినవన్నీ వాడు భోజనం మానుకుని, భూతద్దం పెట్టుకుని సరిచేస్తూ వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రబడింది అందుకు. బడి గడియారం ఒక్కటే వాడి చేతికి చిక్కకుండా వెళ్ళిపోయింది.

డాక్టరు గారితో మాట్లాడాను. చూర్ణం మానేశావు గనక కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటుందన్నారు. కానీ మనింట్లో బాబాయి ఉన్నాడు. కాబట్టి ఆ "తప్పు, తప్పు" ఇంకా వినిపిస్తుంటే దాచకు. చిన్నవాడు శుక్రవారం వస్తాడు. వాడి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఇక నా సంగతి. ఆస్పత్రి గేటు ముందు బల్ల పెట్టుకుని అమ్మేవాడి దగ్గర రెండు డబ్బాలు కొన్నాను. ఒకటి నీకు పంపాను. రెండోది ఏమైందని నువ్వు అడగలేదు. చిన్నవాడు మా ఇంట్లో అడుగుపెట్టి మొదట చూసింది నా బల్లమీద దాన్నే. అప్పటికి అది అడుక్కంటా అయిపోయింది. నా మోకాళ్ళు మాత్రం ఊరుకుంటాయా? నలభై ఏళ్ళు ఆ వార్డులో చేసి, గంజాయి గురించి నీకు పాఠం చెబుతూ, మధ్యమధ్యలో లేచి వెళ్ళి ఒక చెంచా వేసుకొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వు మాత్రం మొన్నటంత గట్టిగా రావడం లేదు.

సిగ్గుతో,
నీ అక్క

తా.క. నా గది కిటికీ గొళ్ళెం

అన్నయ్యా, కలం నేను తీసుకున్నాను. గొళ్ళెం విరగలేదు. పక్కకి లాగాలన్న సంగతి అక్క మరిచిపోయింది. నువ్వు గడియారాల జోలికి పోకు, శుక్రవారం వచ్చి ఇద్దరం కలిసి చూద్దాం. తలుపు తీసి ఉంచు. నీ చొక్కా రెండో జేబులో నా స్క్రూడ్రైవరు కూడా ఉంది, చూడు.