మేనత్త అరచెయ్యి

అక్కా,

నిన్న ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదని అలిగావట. ఫోను నా దగ్గరుంటేగా!

ప్రాజెక్టు కోసం మేనత్త పనిచేసే కుట్టు కార్ఖానాలో మూడు నెలలుగా రికార్డు చేసుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచలేదు. యూనిఫాంల మూటలు కడుతున్నచోట అది ఏదో మూటలోకి జారిపోయింది. నెట్ ఆపేసి ఉండటంతో ఫోను జాడ చెప్పే యాప్ చేతులెత్తేసింది. కాల్ వెళ్తోంది గానీ, మోగకుండా ఊరికే వణికేలా పెట్టుకున్నానాయె. నలభై మూటలు, గుమ్మంలో లారీ.

"ఒక్కటి కూడా విప్పేది లేదమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

సంగతి కాగితం మీద రాసి అత్తకు చూపించాను. చెవులు వినపడకపోయినా, ఏ మిషను తేడాగా తిరుగుతోందో బల్ల మీద చెయ్యి ఆనించి చెప్పే మనిషి కదా! ముందు మిషన్లన్నీ ఆపించింది. సూపర్‌వైజరు ఫోను నుంచి నన్ను కాల్ చేస్తూనే ఉండమంది. కళ్లు మూసుకుని ఒక్కో మూట మీదా అరచెయ్యి ఆనిస్తూ వెళ్లి, పంతొమ్మిదో దాని దగ్గర ఆగింది.

"దీని కడుపులో కొట్టుకుంటోంది. విప్పండి!"

విప్పితే ఉంది.

"ఇంత చదివి, దాని నోరు నొక్కేసి తిరుగుతావేమే?" అని నెత్తిన మొట్టింది.

అక్కా, మనింట్లో అత్త మాట ఎత్తితే ముందు 'పాపం' అంటాం. నేను మానేశాను. నువ్వూ మానెయ్.

నీ చెల్లి